పోలో జీటీకి కొత్త షాకులు: ముందు ఎత్తు తేల్చుకోండి, బ్రాండ్ సంగతి తర్వాత

ఫోక్స్‌వ్యాగన్ పోలో మన దేశంలో 2010లో మొదలై 2022లో ఆగిపోయింది. 2013లో వచ్చిన టర్బో పెట్రోల్ మోడల్ జీటీ టీఎస్‌ఐ మాత్రం ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో మంచి ధర పలుకుతూ చేతులు మారుతూనే ఉంది. కొనేముందు అందరూ దాని డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి భయపడతారు. కొన్నాక చాలామందికి మొదట ఖర్చు పెట్టించేవి షాక్ అబ్జార్బర్లు. మన రోడ్ల మీద ఐదారేళ్లు తిరిగిన పోలోల్లో చాలావాటికి ఫ్యాక్టరీ షాకులు అప్పటికే అలసిపోయి ఉంటాయి.

అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఒకరు బిల్‌స్టీన్ కంపెనీ షాకు బీ6 అంటారు. ఇంకొకరు కోనీ కంపెనీది అంటారు. గ్యారేజీ అన్న "అంత ఖర్చెందుకు సార్, కంపెనీదే వేసేద్దాం" అంటాడు. బీటెక్ చదివే తమ్ముడు ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, షాకు సెట్లు, అంటే కాయిలోవర్లు వేయించి కారు కిందకి దించమంటాడు. ఎవరి అవసరానికి వాళ్లు చెప్పింది సరైనదే. కానీ కారు ఎంత ఎత్తులో నిలబడాలన్నది వాళ్లలో ఒక్కరూ మిమ్మల్ని అడగలేదు. అది తేలితే జాబితాలో సగం పేర్లు వాటంతట అవే పోతాయి.

పోయింది షాకేనా?

"టకటకమంటోంది, షాకులు పోయాయి" అంటూ గ్యారేజీకి వెళ్లేవాళ్లే ఎక్కువ. చిన్న చిన్న గుంతల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు వచ్చే టకటకకి చాలాసార్లు కారణం లింక్ రాడ్. మలుపులో కారు మరీ ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్‌ను, ముందు షాకు, స్ప్రింగు కలిసి ఉండే స్ట్రట్‌కు కలిపే ఆ చిన్న రాడ్డు చివర బాల్ జాయింట్ అరిగితే అచ్చం షాకు పోయినట్టే వినిపిస్తుంది. స్టీరింగ్ తిప్పేటప్పుడు స్ప్రింగు పట్టుకుని వదిలినట్టు టంగుమంటే స్ట్రట్ పై చివరను కారుకు పట్టే టాప్ మౌంట్ బేరింగ్‌ను చూడాలి. బ్రేక్ వేయగానే ఒక్కసారి ధబ్‌మంటే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లను చూడాలి. షాకుల సెట్ ధరతో పోలిస్తే ఇవన్నీ చిల్లర ఖర్చులు. ముందు వీటిని తేల్చకుండా ఖరీదైన షాకులు వేయిస్తే, చప్పుడు అలాగే ఉంటుంది, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

షాకు నిజంగా పోతే చప్పుడు కంటే ముందు కారు నడకలో తెలుస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద వంతెన ఎక్కి దిగేచోట కారు ఒక్కసారి కుంగి లేచి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగుతోందంటే వెనక షాకులు చేతులెత్తేసినట్టే. టైరు ట్రెడ్ మీద అరచేత్తో నిమిరి చూడండి. చుట్టూ ఎగుడుదిగుడుగా మెరకా పల్లంగా తగిలితే, చక్రం రోడ్డును వదిలి వదిలి నడుస్తోందని అర్థం. షాకు ఒంటి మీద సన్నగా తేమలా నూనె ఉండి దుమ్ము పట్టి ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె కిందకి కారి స్ప్రింగ్ సీటు దాకా తడిసి ఉంటే మార్చాల్సిందే, అదీ జతగా. ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది వేస్తే గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు కారు ఎటు లాగుతుందో చెప్పలేం.

బానెట్ మీద రెండు చేతులతో నొక్కి వదిలి చూసే పాత పద్ధతి అంబాసిడర్ రోజుల్లో బాగానే పనిచేసింది. ఇప్పటి కార్లలో సగం పోయిన షాకు కూడా ఆ పరీక్షలో పాసైపోతుంది.

షాకు చేసే పని, చేయని పని

కారు బరువు మోసేది స్ప్రింగు. షాకు బరువు మోయదు. స్ప్రింగు కుంగాక, లేచాక, ఆ ఊగడాన్ని ఆపడమే దాని పని. "కారు వెనక కిందకి దిగిపోయింది, షాకులు మార్చండి" అంటే తప్పు పార్టుకు డబ్బు పెట్టినట్టే. కారు దిగితే చూడాల్సింది స్ప్రింగును.

అలాగే, షాకు మార్చినంత మాత్రాన మలుపులో కారు వంగడం ఆగదు. ఎంత వంగాలో నిర్ణయించేవి స్ప్రింగు, యాంటీ రోల్ బార్. ఎంత తొందరగా వంగాలో నిర్ణయించేది షాకు. పోలోలాంటి కారులో ఈ రెండోదే డ్రైవర్‌కు ఎక్కువ తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరిగి, బాడీ నింపాదిగా ఒరిగితే, అంతే వంగినా సరే కారు చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

షాకు రెండు దిక్కులా పనిచేస్తుంది. చక్రం పైకి వచ్చేటప్పుడు కొంత అడ్డుకుంటుంది, తిరిగి కిందకి వెళ్లేటప్పుడు అంతకంటే బాగా ఎక్కువ అడ్డుకుంటుంది. కుంగిన స్ప్రింగులో దాచుకున్న శక్తి కారును ఎగరేయకుండా చూసేది ఈ రెండోదే, గ్యారేజీ భాషలో రీబౌండ్. ఇది తక్కువైతే కారు పడవలా ఊగుతుంది. ఎక్కువైతే ఇంకో తంటా. ఎన్‌హెచ్ 65 మీద ఊళ్ల దగ్గర వరసగా వేసే రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్లి చూడండి. రీబౌండ్ మరీ గట్టిగా ఉన్న కారులో మొదటి పట్టీ మీద లేచిన చక్రం పూర్తిగా కిందకి దిగేలోపే రెండో పట్టీ వచ్చేస్తుంది. పట్టీ పట్టీకీ కారు కొంచెం కొంచెం కిందకి కూర్చుంటూ పోతుంది, చివరి పట్టీ దగ్గరికి వచ్చేసరికి సస్పెన్షన్‌లో కదలడానికి చోటే ఉండదు. సాదా స్ప్రింగు మీద మరీ గట్టి షాకు ఎందుకు పనికిరాదో అక్కడ పది సెకన్లలో అర్థమైపోతుంది. షాకు, స్ప్రింగు ఒకదానికొకటి సరిపోవాలి. ఎంత గట్టిదైతే అంత స్పోర్టీ అన్న లెక్క తప్పు.

ఎత్తు లెక్క

మన పోలోకు కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 168 మిల్లీమీటర్లు. మన రోడ్లను చూసి ఎత్తు పెంచి అమ్మిన కారు ఇది. యూరప్‌లో నడిచే పోలో ఇంతకంటే కిందకి ఉంటుంది. బిల్‌స్టీన్, కోనీ, ఐబాక్ వంటి కంపెనీలు తయారుచేసే పార్టులు ఆ యూరప్ ఎత్తును బట్టి లెక్కేసినవి. చాలామంది అమ్మకందారులు చెప్పని సంగతి ఇదే.

దీనివల్ల రెండు చిక్కులు. మొదటిది, "30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు" అని పెట్టె మీద ఉంటే ఆ 30 యూరప్ ఎత్తు నుంచి. మన కారుకు వేస్తే అంతకంటే ఎక్కువే దిగుతుంది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చేదాకా.

రెండోది ఇంకొంచెం సూక్ష్మం. షాకుకు పైకి కదలడానికి ఎంత చోటు కావాలో, చక్రం గుంతలోకి దిగినప్పుడు కిందకి సాగడానికీ అంత చోటు కావాలి. తక్కువ ఎత్తు కారు కోసం చేసిన షాకును ఎత్తైన స్ప్రింగు మీద వేస్తే, కారు మామూలుగా నిలబడి ఉన్నప్పుడే షాకు సగానికి మించి సాగి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు చక్రం వేలాడగానే షాకు చివరికంటా సాగి లోపల టక్కుమని తగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటు పోసి లేపే దిబ్బలకు ఆ ప్రమాణం ఉన్నట్టే తెలియదు. కాబట్టి ఈ టక్కు రోజూ వినాల్సి వస్తుంది.

అందుకే దిగుమతి షాకు కొనేముందు అమ్మేవాణ్ణి "పోలోకి పడుతుందా" అని అడిగితే చాలదు, పడుతుందనే అంటాడు. "మన ఇండియా పోలోకి, ఒరిజినల్ స్ప్రింగు మీద వేసినవాళ్లున్నారా? స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు చప్పుడు వస్తోందా?" అని అడగండి. కుదిరితే ఆ కారులో ఒక రౌండు కూర్చోండి. పెట్రోల్ టీఎస్‌ఐకి, డీజిల్ టీడీఐకి ముందు బరువు వేరు కాబట్టి స్ప్రింగులూ వేరు. ఒకదాని పార్ట్ నంబర్‌తో ఇంకోదానికి ఆర్డర్ పెట్టకండి.

ఇక ఎత్తు పెంచడం. ఐదుగురు ఎక్కితే అడుగు తగులుతోందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం మన దగ్గర బాగా అలవాటు. యాక్సెసరీ షాపులో ఐదు నిమిషాల పని, కారు వెంటనే ఒక వేలెత్తు లేస్తుంది, ఓనర్ సంతోషం. నిజానికి బఫర్ పెట్టిన చుట్టు పనిచేయడం మానేస్తుంది, దాంతో స్ప్రింగు గట్టిపడుతుంది. ఆ గట్టి స్ప్రింగు తన్నే తన్నును ఆపాల్సింది మాత్రం పాత షాకే. కాబట్టి అది తొందరగా పోతుంది. దిగుమతి షాకులు వేసి పైన బఫర్లు కూడా పెడితే ఇందాక చెప్పిన టక్కుకు మనమే ముహూర్తం పెట్టినట్టు. కొత్త షాకులు వేయించే రోజు బఫర్లు తీసి పారేయండి.

ఎత్తు మార్చకూడదనుకుంటే

ఇంట్లో అందరూ ఎక్కే కారు, రోజూ ఆఫీసుకు, నెలకో రెండు నెలలకో ఊరికి. పోలో ఓనర్లలో ఎక్కువమంది ఇక్కడే ఉంటారు, నా ఓటు కూడా ఇక్కడికే. ఇందులో దారులు మూడు.

మొదటిది మామూలు ట్విన్ ట్యూబ్ షాకులు: కంపెనీ ఒరిజినల్, లేదా సాక్స్, మన్రో, కేవైబీ, గాబ్రియెల్ వంటివాళ్లవి. బిల్‌స్టీన్ బీ4 కూడా ఈ కోవలోదే. పసుపు నీలం పెట్టె చూసి బీ4ను స్పోర్ట్స్ షాకు అనుకోకండి, అది ఫ్యాక్టరీ షాకుకు బదులు వేసేదే. ట్విన్ ట్యూబ్‌లో లోపల ఒక గొట్టం, బయట ఇంకో గొట్టం, నూనె ఆ రెంటి మధ్య తిరుగుతుంది, పైన తక్కువ ఒత్తిడిలో గ్యాస్. ధర తక్కువ, చిన్న గుంతల్లో మెత్తన, బయటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడినా పిస్టన్ ఇరుక్కోదు. దీని బలహీనత వేడి. మే నెలలో రామగుండం వైపు గతుకుల రోడ్డు మీద గంటసేపు పోతే లోపల నూనె, గ్యాస్ కలిసి, ఊపిన గోలీ సోడాలా నురగ వస్తుంది. నురగను పిస్టన్ అదుపు చేయలేదు. కారు మెల్లగా వదులుగా అనిపిస్తుంది, చల్లారాక మళ్లీ మామూలే.

జీటీని ఒకప్పటిలా నడిపించుకోవడమే మీకు కావాల్సిందైతే ఇవి చాలు, ఇందులో చిన్నతనమేమీ లేదు. అరిగిన షాకులకు అలవాటు పడిపోయినవాళ్లకు కొత్త ఒరిజినల్ సెట్ వేస్తేనే వేరే కారు నడుపుతున్నట్టు ఉంటుంది. "అప్‌గ్రేడ్" అని మెచ్చుకునే దాంట్లో సగం, పాతది పోయి కొత్తది రావడం వల్ల వచ్చినదే. చాలా పోలికల్లో జరిగే మోసం ఇది. ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన షాకును కొత్త బీ6తో పోలుస్తారు, కొత్త ఒరిజినల్‌తో పోల్చరు.

రెండోది బిల్‌స్టీన్ బీ6. ఇది మోనో ట్యూబ్. ఒకటే గొట్టం, అందులో నూనెకు, ఎక్కువ ఒత్తిడిలో ఉండే నైట్రోజన్‌కు మధ్య కదిలే ఒక అడ్డు పిస్టన్. నూనె, గ్యాస్ కలిసే అవకాశమే లేదు కాబట్టి నురగ లేదు. వేడి నేరుగా గొట్టం గోడ నుంచి బయటికి పోతుంది. ఆలోచన ఫ్రెంచ్ ఇంజనీర్ ద కార్బాన్‌ది, దాన్ని 1957లో మెర్సిడెస్ కార్లలో పెట్టి నిలబెట్టింది జర్మనీలోని ఎన్నెపెటాల్‌కు చెందిన బిల్‌స్టీన్. ముందు స్ట్రట్‌లో ఈ మోనో ట్యూబ్‌ను తలకిందులుగా అమరుస్తారు. లావాటి గొట్టమే కదిలే భాగం అవుతుంది కాబట్టి మలుపులో పక్క నుంచి వచ్చే ఒత్తిడికి స్ట్రట్ వంగదు. స్టీరింగ్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది.

బీ6 తీరు అర్థం కావాలంటే ఒక్క విషయం చూడాలి. మలుపులో ఒరగడం, బ్రేక్‌కు ముక్కు దిగడం, హైవే మీద ఊగడం, ఇవన్నీ పిస్టన్ నెమ్మదిగా కదిలే పనులు. గుంత, రాయి, ఫ్లైఓవర్ జాయింటు, ఇవి వేగంగా కదిలించేవి. బీ6 నెమ్మది కదలికలను గట్టిగా పట్టుకుంటుంది. పిస్టన్ వేగం పెరిగేకొద్దీ ఆ పట్టు అదే లెక్కన పెరగదు, కొంచెం వదులుతుంది. అందుకే పెద్ద గుంతలో పడినప్పుడు "ఇంతేనా" అనిపిస్తుంది గానీ, కాలనీలో ఇరవై స్పీడుతో పోతుంటే రోడ్డు మీది ప్రతి అతుకూ నడుముకు చెబుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఈ స్వభావం బాగా బయటపడుతుంది. జాయింటు తగిలిన ప్రతిసారీ ఒక్క పొట్టి దెబ్బ, వెంటనే నిశ్శబ్దం. పాత షాకుల్లో దెబ్బ మెత్తగా ఉంటుంది, దాని వెనకే రెండు ఊపులు ఉంటాయి. మీకు ఏది ఇష్టమో మీ నడుమే చెబుతుంది.

వెనక సీటులో అమ్మానాన్నలు, డిక్కీ నిండా సామాను ఉంటే బీ6 ఇంకా బాగుంటుంది. మీరొక్కరే రోజూ ట్రాఫిక్‌లో తిరుగుతుంటే వెనక భాగం కొంచెం ఎగిరిపడుతుంది. లోపలి గ్యాస్ ఒత్తిడి వల్ల కారు కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది కూడా, ఖాళీ వీల్ ఆర్చ్ చూసి బాధపడకండి. మోనో ట్యూబ్ గొట్టానికి లోతుగా సొట్ట పడితే మాత్రం పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. మట్టి రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లు వెనక షాకులను అప్పుడప్పుడు వంగి చూసుకోవాలి.

మూడోది కోనీ స్పెషల్ యాక్టివ్. ఎరుపు రంగుది, ఇంతకుముందు దీన్నే ఎఫ్ఎస్‌డీ అనేవాళ్లు. డచ్ కంపెనీ. ఇది ట్విన్ ట్యూబే, కానీ లోపల ఒక అదనపు వాల్వు ఉంటుంది. చక్రం గబగబా చిన్నగా అదురుతున్నప్పుడు నూనెకు పక్కదారి తెరిచి ఉంచుతుంది, షాకు మెత్తగా ఉంటుంది. కారు నెమ్మదిగా పెద్దగా ఊగినా, మలుపులో ఒరిగినా, ఒత్తిడి పెరిగి ఆ పక్కదారి మూసుకుంటుంది, షాకు గట్టిపడుతుంది. వైర్లు లేవు, బటన్లు లేవు, అంతా నూనె చేసే పనే. గతుకుల్లో ఒరిజినల్ కంటే మెత్తగా, హైవే మీద దానికంటే బిగువుగా ఉండే షాకు కావాలంటే నాకు తెలిసినంతలో దీనికి దగ్గరగా వచ్చేది ఇంకోటి లేదు. అరకు ఘాట్‌లో ఎస్.కోట దాటాక వచ్చే మలుపుల్లో బీ6 అంత పదును దీనిలో కనిపించదు, నిజమే. కానీ ఘాట్ దిగి ఇంటికి వచ్చేదాకా వెనక సీటులో ఎవరూ "కొంచెం మెల్లగా పోనీయ్" అనరు.

హైదరాబాద్‌లాంటి ఊళ్లో రోజూ నడిపే జీటీకి నేను కోనీ ఎరుపు వైపే మొగ్గుతాను. వారాంతం రాగానే శ్రీశైలం రోడ్డో, ఓఆర్ఆరో ఎక్కేవాళ్లకు, నలుగురైదుగురితో తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు బీ6. ఇంకో రెండేళ్లలో కారు అమ్మేసే ఆలోచన ఉంటే ఒరిజినలే. దిగుమతి షాకులకు పెట్టిన డబ్బు సెకండ్ హ్యాండ్ ధరలో తిరిగి రాదు.

కోనీలోనే పసుపు రంగు స్పోర్ట్ కూడా ఉంది. దానిలో రీబౌండ్‌ను మనం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. కొన్ని మోడళ్లలో పైన నాబ్ తిప్పితే సరిపోతుంది, కొన్నింటిలో షాకును విప్పి పూర్తిగా నొక్కి తిప్పాలి. కొత్తలో అందరూ గట్టి వైపుకే తిప్పుతారు. రంబుల్ స్ట్రిప్స్ కథ గుర్తుంటే, సాదా స్ప్రింగు మీద దాన్ని మెత్తని చివర నుంచి మొదలుపెట్టండి.

కిందకి దించే తీరాలంటే

ఇది క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మన రోడ్లకు నేను సలహా ఇచ్చేది కాదు. తక్కువ ఎత్తు స్ప్రింగులు కొని పాత షాకుల మీదే వేయించడం అన్నిటికంటే చెడ్డ బేరం. పిస్టన్ ఎప్పుడూ అడుగునే తిరుగుతూ, ప్రతి గుంతకూ షాకు ఇక కుంగకుండా ఆపే చివరి రబ్బరు అడ్డు, బంప్ స్టాప్ మీద పడుతుంది. దించాలంటే పొట్టి షాకు కావాలి: బిల్‌స్టీన్‌లో అది బీ8. బీ8కి ఐబాక్ స్ప్రింగులు జతచేసి అమ్మే సెట్ బీ12. ఎత్తు మనమే సెట్ చేసుకునే కాయిలోవర్ బీ14. యూరప్ ఎత్తు లెక్క మళ్లీ గుర్తుచేసుకోండి. బీ14ను దాని పరిధిలో పై చివరన పెట్టినా కారు మన ఒరిజినల్ ఎత్తుకు రాదు.

గట్టిదనం మార్చుకోవడానికి "ముప్ఫై రెండు క్లిక్కులు" అంటూ చౌకగా దొరికే కాయిలోవర్లలో పది క్లిక్కులు తిప్పినా కారులో తేడా తెలియదు, ఆ తర్వాత ఒక్క క్లిక్కుకు అంతా మారిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలిలో వాటి మరలు తుప్పు పట్టి రెండు వానాకాలాలకే బిగుసుకుపోతే, ఎత్తు మార్చుకునే సౌకర్యం కాగితం మీదే మిగులుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి ఒప్పుకోదు. ఎత్తు దించిన కారుకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తే సర్వేయర్ ప్రశ్నలు అడుగుతాడు. అదే ఎత్తులో, అదే చోట బిగించే షాకుకు ఆ తలనొప్పి బాగా తక్కువ.

ఇంకో మాట. కారు గట్టిగా ఉందని షాకులు మార్చాలనుకునేవాళ్లు ముందు చక్రాలు చూసుకోండి. 185/60 ఆర్15 టైరు గోడ ఎత్తు 111 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16లో 107. అందం కోసం 215/40 ఆర్17 వేస్తే 86. ఆ పోయిన పాతిక మిల్లీమీటర్ల రబ్బరును ఏ షాకూ తిరిగి తేలేదు. పదిహేడు ఇంచుల చక్రాలు తీసి పదిహేను పెడితే చాలామందికి షాకుల ఖర్చే మిగులుతుంది.

గ్యారేజీలో పక్కనే నిలబడండి

ఎంత మంచి షాకైనా బిగించడంలోనే పాడైపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో రాణీగంజ్‌లోనో పార్టులు దొరకడం కష్టం కాదు, ఓపిగ్గా బిగించే చేయి దొరకడమే కష్టం.

పోలో ముందు స్ట్రట్ కింద భాగం, చక్రాన్ని మోసే ఇనుప భాగమైన నకిల్‌లోని బిగుతు పట్టీలో దిగి ఉంటుంది. దాన్ని విడదీయడానికి చీలికలో పెట్టి తిప్పే స్ప్రెడర్ పనిముట్టు ఒకటి ఉంది, చిన్నదే. అది లేనివాళ్లు ఉలి పెట్టి సుత్తితో కొడతారు. నకిల్ చీలికలో గీతలు పడతాయి, కొన్నిసార్లు పట్టీ అంచు వంగుతుంది. పని మొదలయ్యే ముందే ఆ పనిముట్టు ఉందా అని అడగండి, లేదంటే ఇంకో గ్యారేజీ చూసుకోండి.

పైన నట్టు బిగించేటప్పుడు పిస్టన్ రాడ్డు తిరుగుతూ ఉంటే, దాన్ని ప్లయర్‌తో పట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. అద్దంలా మెరిసే ఆ రాడ్డు మీద ఒక్క గీత పడినా చాలు, షాకు కదిలిన ప్రతిసారీ ఆ గీత సీలును కోస్తుంది. కొత్త షాకు మూడు నెలల్లో నూనె కారిందంటే చాలాసార్లు కారణం ఇదే, నింద మాత్రం బ్రాండ్‌కు పడుతుంది. రాడ్డు తలలో అలెన్ కీ పెట్టి పట్టుకుని పై నుంచి నట్టు బిగించాలి.

వెనక షాకు కింది బోల్టును కారు జాకీ మీద వేలాడుతున్నప్పుడే పూర్తిగా బిగించేస్తే, కారు దించగానే రబ్బరు బుష్ మెలి తిరిగిపోతుంది. అది ఇక ఎప్పటికీ ఆ మెలికలోనే ఉండి, తొందరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు.

బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు, టాప్ మౌంట్లు, వాటి బేరింగులు కొత్తవి తెప్పించుకోండి. పాత బంప్ స్టాపును చేత్తో నలిపితే పిండిలా రాలుతుంటే, ఇన్నాళ్లూ పెద్ద గుంతల్లో ఇనుము ఇనుమునే కొట్టుకుందన్నమాట. కూలి ఎలాగూ ఒక్కసారే ఇస్తారు, మళ్లీ విప్పించడం దండగ. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో కొన్ని బోల్టులు ఒక్కసారి సాగదీసి బిగించేవి, అవి కూడా కొత్తవి వేయాలి. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి చూపిస్తే మంచిది.

కొత్త షాకుల్ని ఎక్కడైనా గట్టిగా నడిపి చూడాలని చేతులు దురద పెడతాయి. తిరుమల ఘాట్‌లో మాత్రం వద్దు. అక్కడ టైమ్ లెక్క ఉంది, తొందరగా దిగితే కింద ఫైన్ కట్టిస్తారు.

దిగుమతి సెట్ కొనేటప్పుడు వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి. ఒక్క షాకు తేడా వస్తే దాన్ని విప్పి, ప్యాక్ చేసి, పంపి, మళ్లీ వచ్చేదాకా కారు దేని మీద నిలబడాలి? అందుకే పాత షాకుల్లో కాస్త బాగున్న జతను వారంటీ గడువు దాటేదాకా ఇంట్లో ఒక మూల ఉంచండి. ఆ తర్వాత పాత సామాన్ల వాడికి వేసేటప్పుడు ఒక మాట చెప్పండి. గ్యాస్ షాకును గ్యాస్ కట్టర్‌తో కోయడం, వేడి చేయడం చేయకూడదు. మోనో ట్యూబ్ అయితే లోపల నైట్రోజన్ ఇంకా బిగుసుకునే ఉంటుంది, పేలుతుంది.